ఉప్పులో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం: ఫ్యాక్టరీ నుంచి వంటింటి దాకా

పళ్ళు పుచ్చకుండా తినే ఉప్పులో ఫ్లోరైడ్ కలపడం స్విట్జర్లాండ్‌లో మొదలైంది. అయొడిన్ కలుపుతున్న ఉప్పులోనే దీన్నీ కలపవచ్చని వెస్పీ అనే డాక్టరు పట్టుబట్టాడు. 1955లో జ్యూరిక్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం లాంటిది) కిలో ఉప్పుకు 90 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలిపి అమ్మడం మొదలుపెట్టారు. అది చాలదని తేలాక మోతాదును 250కి పెంచారు. ఫ్రాన్స్ 1986లో, జమైకా, కోస్టారికా 1987లో, జర్మనీ 1991లో ఈ దారిలోకి వచ్చాయి. జమైకాలో 12 ఏళ్ళ పిల్లల్లో పుచ్చినవి, ఊడినవి, పూడ్చినవి కలిపి సగటున 1984లో 6.7 పళ్ళు ఉండేవి. 1995కి అది 1.1కి దిగింది.

కిలోకు 250 మిల్లీగ్రాములంటే టన్ను ఉప్పులో పావు కిలో. అంత కొంచెం టన్ను అంతటా సమానంగా పరుచుకోవాలి. కొలతలో వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. సగటు బాగుంటే ఉప్పు బాగున్నట్టేనని అనుకుంటే మోసపోతాం. ఒకే బ్యాచ్ నుంచి తీసిన అయిదు నమూనాల్లో 240, 255, 248, 262, 245 వచ్చాయనుకోండి, సగటు 250. ఇంకో బ్యాచ్‌లో 130, 410, 215, 330, 165 వచ్చినా సగటు అదే 250. రెండో బ్యాచ్‌లో ఒక ప్యాకెట్ కొన్న ఇంటికి మేలు సగమే, ఇంకో ఇంటికి మోతాదు ఒకటిన్నర రెట్లు. రిజిస్టరులో సగటు ఒక్కటే రాసుంటే ఈ తేడా ఎవరి కంటా పడదు.

ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు

ఉప్పు జోలికి పోయే ముందు ఆ ఊరి తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలి. మెక్సికో ప్రమాణం ఈ విషయంలో కచ్చితంగా ఉంటుంది. ఉప్పులో కిలోకు 250 మిల్లీగ్రాములు, దానికి 50 అటూ ఇటూ ఉండవచ్చు. కానీ నీటిలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న చోట ఆ ఉప్పు అమ్మకూడదు. అందుకే భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న దురాంగో, అగ్వాస్‌కలియెంతెస్ లాంటి చోట్లకు ఫ్లోరైడ్ లేని ఉప్పే వెళ్ళాలి.

మన నల్లగొండలో, ప్రకాశంలో ఈ ఉప్పు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే అర్థమవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికల్లో అచ్చయింది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్ళు ఎండాకాలంలో రోజుకు మూడు లీటర్లు తాగే మనిషికి నీటి నుంచే 9 మిల్లీగ్రాములు చేరతాయి. దాని మీద పది గ్రాముల ఫ్లోరైడ్ ఉప్పు తింటే ఇంకో 2.5 పడుతుంది. గారపళ్ళ ఊళ్ళకు మందు ఫ్లోరైడ్ లేని నీళ్ళే. ఈ ఉప్పు అవసరం ఉన్నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువగా ఉండి, పంచదార వాడకం బాగా ఉండి, నీళ్ళ పైపుల్లోనే ఫ్లోరైడ్ కలిపే వీలు లేని చోట. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం 1962 నుంచి నీటిలోనే కలిపింది. ఎలాగూ ఉప్పులో దొరుకుతోందని 2003లో ఆపేసింది. రెండు దారుల్లోనూ ఇవ్వాల్సిన పని లేదు.

ఏ రసాయనం, ఎంత

పొడి ఉప్పులో పొడిగా కలపాలంటే సోడియం ఫ్లోరైడ్ వాడతారు. తడిగా ఉన్న ఉప్పు మీద చల్లాలంటే పొటాషియం ఫ్లోరైడ్ వాడతారు. కారణం కరగడమే. 100 మిల్లీలీటర్ల నీటిలో సోడియం ఫ్లోరైడ్ సుమారు 4 గ్రాములే కరుగుతుంది. పొటాషియం ఫ్లోరైడ్ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతుంది కాబట్టి ఉప్పు మీద ఎక్కువ నీళ్ళు గుమ్మరించకుండానే పని అవుతుంది.

సోడియం ఫ్లోరైడ్ బరువులో 45.25 శాతమే ఫ్లోరైడ్. పొటాషియం ఫ్లోరైడ్‌లో 32.7 శాతం. టన్ను ఉప్పుకు 250 గ్రాముల ఫ్లోరైడ్ కావాలంటే సోడియం ఫ్లోరైడ్ 552 గ్రాములు, లేదా నీరు లేని పొటాషియం ఫ్లోరైడ్ 765 గ్రాములు పడతాయి. గంటకు 6 టన్నుల ఉప్పు కదిలే బెల్టు మీద లీటరుకు 150 గ్రాముల పొటాషియం ఫ్లోరైడ్ ద్రావణం చల్లుతుంటే, గంటకు 30.6 లీటర్లు, అంటే నిమిషానికి 510 మిల్లీలీటర్లు పోవాలి. నాజిల్ కింద కొలజాడీ పెట్టి ఒక నిమిషం పట్టి చూడండి. షిఫ్ట్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఇలా పడితే లాబ్ ఫలితం వచ్చే లోపే సగం తప్పులు బయటపడతాయి. నాజిల్ మూతి దగ్గర ద్రావణం ఆరి గడ్డకడితే ప్రవాహం మెల్లమెల్లగా తగ్గుతుంది. బెల్టు వేగం పెంచి పంపు వేగం పెంచడం మరిచిపోతే ఒక్కసారిగా పడిపోతుంది.

లాబ్‌లో కొన్ని అంకెలు కనిపిస్తే కారణం వెతకక్కర్లేదు, అంకే చెబుతుంది. వరసగా 113 దగ్గర వస్తుంటే ఎవరో టన్నుకు 250 గ్రాముల ఫ్లోరైడ్‌కు బదులు 250 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచారు. 154 దగ్గర వస్తుంటే రెండు నీటి అణువులున్న పొటాషియం ఫ్లోరైడ్‌ను నీరు లేనిదనుకుని తూచారు. నీరున్న రకంలో ఫ్లోరైడ్ 20.2 శాతమే. పొటాషియం ఫ్లోరైడ్ గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి మూత సరిగా పెట్టని డ్రమ్ములో మంచి సరుకూ ఇదే తప్పు చేయిస్తుంది.

ఈ రెండు రసాయనాలూ విషమే. శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి పోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఉప్పులాగే తెల్లగా ఉంటాయి కనుక ఉప్పు గోదాములో ఉంచకండి. వేరే గదిలో తాళం వేసి, తూచేవాళ్ళకు మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు ఇవ్వండి. ఖాళీ అయిన డ్రమ్ములు ఇళ్ళకు పోనివ్వకండి.

నమూనా తీయడం

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. పొడి కలిపిన ఉప్పులో మెత్తటి ఫ్లోరైడ్ రేణువులు లారీ కుదుపులకు బస్తా అడుగుకు జారతాయి. ఉప్పు రవ్వ ఎంత లావైతే అంత త్వరగా జారతాయి. బస్తా మూతి విప్పి పైన దోసెడు తీసుకుంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున మూడు చోట్ల నుంచి గొట్టపు బొర్రతో తీయండి. ఆ మూడింటినీ కలపకుండా విడివిడిగానే చూడాల్సిన సందర్భం కూడా ఉంది: మిక్సర్ కొత్తదైనా, ఉప్పు రవ్వ మారినా, ఒక బ్యాచ్‌లో పది చోట్ల నుంచి తీసి పదీ వేర్వేరుగా కొలవండి. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగటులో పది శాతం దాటితే కలిపే సమయం పెంచాలి, లేదా రవ్వ సైజు మార్చాలి. పైన చెప్పిన మొదటి బ్యాచ్‌లో ఇది 3.5 శాతం, రెండో దానిలో 47 శాతం.

నడుస్తున్న లైను మీద గంటకోసారి బెల్టు చివర పావు కిలో తీయండి. మొత్తం వెడల్పునా కోసినట్టు తీయాలి, ఒక అంచున తీస్తే నాజిల్ ఏ వైపు సరిగా పడుతోందో దాన్ని బట్టి అంకె మారుతుంది. నమూనాను పాలిథీన్ సంచిలో వేసి బ్యాచ్ నంబరు, తేదీ, గంట రాయండి. లాబ్‌కు వచ్చాక బోర్లించి, కుప్పగా పోసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకుంటూ వంద గ్రాములకు తగ్గించండి. చెంచాతో పైపైన తీసుకోకండి.

తడి ఉప్పయితే 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి తేమ శాతం విడిగా రాయండి. 5 శాతం తేమ ఉన్న ఉప్పులో 240 వస్తే పొడి లెక్కన అది 253.

ఎలక్ట్రోడ్‌తో కొలవడం

నీటి పరీక్షల లాబ్‌లలో వాడే ఫ్లోరైడ్ అయాన్ ఎలక్ట్రోడే ఇక్కడా పనికొస్తుంది. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు దీన్ని ప్రకటించారు. లోపల యూరోపియం కలిపిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. నీళ్ళు కొలిచిన చేయి ఉప్పు దగ్గర తడబడేది ఒకే చోట: ద్రావణంలో ఇంత ఉప్పుంటే మామూలు స్టాండర్డ్‌లతో (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో) వచ్చే గీతకు దానితో పొత్తు కుదరదు. అందుకని స్టాండర్డ్‌లలోనూ నమూనాలో ఉన్నంత ఉప్పు ఉండాలి.

బఫర్ ముందుగా చేసి పెట్టుకోండి. సుమారు 500 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 57 మిల్లీలీటర్లు, సోడియం క్లోరైడ్ 58 గ్రాములు, సీడీటీఏ 4 గ్రాములు వేయండి. బీకరును చల్లటి నీళ్ళలో ఉంచి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కొంచెం కొంచెంగా పోస్తూ పీహెచ్ 5.0 నుంచి 5.5 మధ్యకు తెచ్చి, లీటరు చేయండి. దీన్నే టైసాబ్ అంటారు. పీహెచ్ 5 కన్నా కిందికి పోతే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జట్టుకట్టి ఎలక్ట్రోడ్‌కు కనిపించదు. బాగా పైకి పోతే హైడ్రాక్సైడ్ అయాన్లను ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్ అనుకుంటుంది. సీడీటీఏ పని అల్యూమినియం, ఇనుము చెర నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించడం. పటిక వేసి శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి నీళ్ళు పరీక్షించినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఉప్పులో గడ్డకట్టకుండా వేసే సోడియం అల్యూమినోసిలికేట్ నుంచి కూడా ఈ అల్యూమినియం రావచ్చు.

స్టాక్ ద్రావణానికి 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 2.210 గ్రాములు తూచి లీటరు చేయండి, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. దీన్ని పదింతలు పలుచన చేస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణం. నాలుగు వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కుల్లో ఒక్కోదానిలో ఫ్లోరైడ్ లేని సోడియం క్లోరైడ్ 5 గ్రాములు వేసి, పలుచన ద్రావణం 2, 5, 10, 20 మిల్లీలీటర్లు పోసి గీత దాకా నింపండి. ఇవి లీటరుకు 2, 5, 10, 20 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లు. అయిదోదిగా ఫ్లోరైడ్ పోయని ఉప్పునీళ్ళు ఒకటి ఉంచండి. కొన్న రసాయనపు ఉప్పులోనే ఫ్లోరైడ్ ఉంటే ఇందులో తెలిసిపోతుంది. అన్నింటినీ ప్లాస్టిక్ సీసాల్లోకి మార్చండి, గాజులో ఫ్లోరైడ్‌ను నిల్వ ఉంచకూడదు.

నమూనా ఉప్పు 50 గ్రాములు తూచి లీటరు చేయండి. అయిదు గ్రాములతో కూడా కొలవవచ్చు, కానీ తూచింది ఎంత ఎక్కువైతే రేణువుల అసమానత్వం అంత తక్కువ ఇబ్బంది పెడుతుంది. అడుగున తెల్లటి మడ్డి మిగిలితే వడకట్టకండి. బాగా కుదిపి మడ్డితో సహా తీసుకోండి.

ప్లాస్టిక్ బీకరులో 25 మిల్లీలీటర్ల ద్రావణం, 25 మిల్లీలీటర్ల టైసాబ్ వేయండి. స్టాండర్డ్‌లకూ ఇంతే. మాగ్నెటిక్ స్టిర్రర్‌కు, బీకరుకు మధ్య ఒక థర్మాకోల్ ముక్క పెట్టండి. మోటారు వేడి బీకరుకు ఎక్కితే రీడింగు పక్కకు జరుగుతుంది. అన్ని ద్రావణాలూ గది వేడికి వచ్చాకే మొదలుపెట్టాలి. ఎలక్ట్రోడ్‌ను కొంచెం వాలుగా దించితే స్ఫటికం కింద గాలి బుడగ చిక్కదు. తక్కువ సాంద్రత నుంచి ఎక్కువకు వెళ్ళండి, ప్రతిసారీ కడిగి టిష్యూతో అద్దండి, రుద్దకండి. మూడు నుంచి అయిదు నిమిషాల్లో అంకె నిలుస్తుంది.

2 స్టాండర్డ్ నుంచి 20 స్టాండర్డ్‌కు వెళ్ళేసరికి రీడింగు 54కూ 60కీ మధ్య మిల్లీవోల్ట్‌లు దిగాలి. 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం 59.2. 54 కన్నా తక్కువ దిగితే ముందు రెఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లోని ద్రావణం చూడండి, తర్వాత స్ఫటికం మీద పొర పట్టిందేమో చూడండి, చివరికి స్టాండర్డ్‌లను అనుమానించండి. నమూనా రీడింగును గ్రాఫులో చూసి వచ్చిన లీటరుకు మిల్లీగ్రాములను 20తో గుణిస్తే కిలో ఉప్పులో మిల్లీగ్రాములు. 11.4 వస్తే 228. ఒక మిల్లీవోల్ట్ తేడా అంటే దాదాపు 4 శాతం తేడా, 250 దగ్గర పది మిల్లీగ్రాములు. మిల్లీవోల్ట్‌లో పదో వంతు చూపించే మీటరు కొనమనేది ఇందుకే. ఒక్కో రీడింగు మీద 247, 253 అని కొట్లాడుకోవడం వృథా.

ప్రతి పది నమూనాలకూ ఒకసారి 10 స్టాండర్డ్‌ను మళ్ళీ చూడండి. 1 మిల్లీవోల్ట్ దాటి జరిగితే గీత కొత్తగా గీయండి. రోజుకో నమూనాకు రికవరీ పరీక్ష చేయండి: 50 గ్రాముల ఉప్పుకు స్టాక్ ద్రావణం 10 మిల్లీలీటర్లు చేర్చి లీటరు చేస్తే ఫలితం సరిగ్గా 200 పెరగాలి. 190 కన్నా తక్కువ పెరిగితే ఏదో లోహం ఫ్లోరైడ్‌ను దాచేస్తోంది. అప్పుడు నమూనాను ఇంకా పలుచన చేసి, స్టాండర్డ్‌లనూ ఆ ఉప్పు మోతాదుకే మార్చి కొలవండి.

ఎలక్ట్రోడ్ లేని చోట

నీటికి వాడే స్పాడ్న్స్ రంగు పరీక్షతో సరిపెట్టుకోవచ్చు, కానీ పలుచన విషయంలో జాగ్రత్త. ఆ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకానే నమ్మదగ్గది. క్లోరైడ్ లీటరుకు 7 గ్రాముల దగ్గరకు వస్తే తప్పు చూపడం మొదలవుతుంది. 4 గ్రాముల ఉప్పును లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే క్లోరైడ్ 2.4 గ్రాములే ఉంటుంది. 250 ఉన్న ఉప్పు సరిగ్గా 1.0 చూపించాలి. వచ్చిన అంకెను 250తో గుణించండి. స్టాండర్డ్‌లలోనూ లీటరుకు 4 గ్రాముల శుద్ధమైన ఉప్పు వేస్తే ఇంకా మంచిది. కానీ 4 గ్రాములు మరీ చిన్న నమూనా. కాబట్టి ముందు 40 గ్రాములను లీటరులో కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు తీసి మళ్ళీ లీటరు చేయండి. ఇది 'కలిసిందా లేదా, సుమారెంత' అన్న ప్రశ్నకు చాలు. బ్యాచ్ తిరస్కరించాలంటే మాత్రం ఎలక్ట్రోడ్ ఫలితం కావాలి.

అయొడిన్‌కు చుక్క వేస్తే నీలంగా మారే కిట్ ఉంటుంది కదా, దానితో ఫ్లోరైడ్ సంగతి తెలియదు. అయొడిన్ సరిపోయిందంటే ఫ్లోరైడ్ కూడా సరిపోయిందని అనుకోకండి. రెండింటికీ వేర్వేరు ట్యాంకులుంటే ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తూనే ఉంటుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు

జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, మెక్సికోలలో దుకాణంలో అన్ని రకాల ఉప్పూ పక్కపక్కనే ఉంటుంది. జర్మన్ ప్యాకెట్ మీద 'ఫ్లూఓరిడ్', ఫ్రెంచి ప్యాకెట్ మీద 'ఫ్లువోరే', స్పానిష్ ప్యాకెట్ మీద 'ఫ్లువొరురాదా' అన్న మాట ఉంటేనే అది ఫ్లోరైడ్ ఉప్పు. అయొడిన్ మాట ఒక్కటే ఉంటే కాదు. పిల్లలకు డాక్టరు ఫ్లోరైడ్ మాత్రలు రాసి ఉంటే ఇంట్లో ఈ ఉప్పు వాడుతున్న సంగతి చెప్పండి. రెండూ ఒకేసారి వద్దు. బోరు నీళ్ళు తాగే ఇల్లయితే ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవడానికి ఈ ఉప్పు అడ్డు కాదు, పేస్టును పిల్లలు మింగకుండా చూస్తే చాలు. ఆవకాయకు ఈ ఉప్పు వాడితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. పావు కిలో ఉప్పులో ఉండేది 62 మిల్లీగ్రాములు, ఆ జాడీ నెలల తరబడి ఇంటిల్లిపాదీ తింటారు. ఆవకాయ గురించి దిగులు అక్కర్లేదు, రోజూ కూరలో పడేదే లెక్కలోకి వస్తుంది.

ఉప్పు సరే, పిల్లల ఒంట్లోకి ఎంత పోతోంది?

ప్యాకెట్‌లో 250 ఉన్నా పిల్లలు తినేది ఎంతో ఉప్పు పరీక్ష చెప్పలేదు. దానికి మూత్రం చూడాలి. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల దగ్గర 24 గంటల మూత్రం ప్లాస్టిక్ సీసాలో పట్టి, మొత్తం పరిమాణం కొలిచి, టైసాబ్ కలిపి ఇదే ఎలక్ట్రోడ్‌తో చూస్తారు. చిన్నపిల్లలు లోపలికి పోయిన ఫ్లోరైడ్‌లో సుమారు 45 శాతం మూత్రంలో వదిలేస్తారు కాబట్టి, వచ్చిన మొత్తాన్ని 0.45తో భాగిస్తే రోజుకు ఎంత తిన్నారో తేలుతుంది. 0.36 మిల్లీగ్రాములు వస్తే రోజుకు 0.8 లోపలికి పోయినట్టు. ఒక్కసారి పట్టిన మూత్రం మీద లెక్క వేయకండి, భోజనం తర్వాత పట్టింది, తెల్లవారగానే పట్టింది ఒకలా ఉండవు. ఫ్లోరైడ్ ఉప్పు మార్కెట్‌లోకి రాకముందు ఒకసారి ఇలా కొలిచి పెట్టుకోకపోతే, తర్వాత వచ్చిన అంకెను పోల్చడానికి ఏమీ ఉండదు. సీసా ఒక్కటి ఒలికిపోయినా, పిల్లవాడు బడిలో ఒకసారి వెళ్ళి చెప్పకపోయినా ఆ నమూనా పక్కన పెట్టి మళ్ళీ పట్టాలి.